గోడల్లో పెట్టిన వైర్లు ఏడేళ్ల తర్వాత ఎలా ఉన్నాయి

మేం 2018లో గృహప్రవేశం చేశాం. హనుమకొండలో 200 గజాల స్థలం, కింద ఒక అంతస్తు, పైన ఒకటి. చుట్టాలందరూ టైల్స్ ఎక్కడివి, కిచెన్ కప్‌బోర్డులకు ఎంతయింది అని అడిగారు. మెట్ల కింద ఇనప డబ్బాలోకి దిగిన పన్నెండు నీలం ఇంటర్నెట్ వైర్ల సంగతి అడిగింది మా మామయ్యగారొక్కరే. "ఇదేంది అల్లుడూ, ఇంకో మీటరు బోర్డా?" అన్నారు. అప్పుడు నవ్వాను గానీ, ఆ డబ్బా మీద నేను పెట్టినంత ఆలోచన మీటరు బోర్డు మీద పెట్టలేదు. ఆ ఆలోచనలో సగం తప్పని ఇన్నేళ్లు వాడాక తెలిసింది.

ముందు బాగా పనిచేసిన దాని సంగతి. నెట్ కోసం వాడే క్యాట్ 6 రకం వైరు, అచ్చం రాగిది, 305 మీటర్ల పెట్టె ఒకటి తెచ్చాను. టీవీ వెనక రెండు, నేను పనిచేసుకునే గదిలో రెండు, రెండు బెడ్‌రూముల్లో ఒక్కొక్కటి, కింది అంతస్తు సీలింగుకి ఒకటి, పై అంతస్తు సీలింగుకి ఒకటి, బయట కెమెరాలకు నాలుగు. అన్నీ మెట్ల కింది డబ్బాకే చేరతాయి. పెట్టెలో ఇంకా కొంత మిగిలింది కూడా. మా ఎలక్ట్రీషియన్‌కి ఇది అస్సలు నచ్చలేదు. "గింత వైరు దేనికి సార్, వైఫై ఉంటది కదా" అని రోజుకోసారి అనేవాడు. ఆ వైఫై కోసమే ఈ వైరని చెప్తే జాలిగా చూశాడు.

2020లో ఇల్లే ఆఫీసయ్యాక ఆ జాలి తిరిగి ఆయన మీదికే పోయింది. ఇనుము నిండిన స్లాబు దాటేసరికి 5 గిగాహెర్ట్‌జ్ వైఫైకి ప్రాణం పోతుంది. పక్క వీధిలో స్నేహితుడు కింద హాల్లో రౌటర్ పెట్టి, పై గదిలో మీటింగుకు మెట్ల మీద కూర్చునేవాడు. మా ఇంట్లో పై అంతస్తు సీలింగుకు వైరు ఉంది కాబట్టి అక్కడ వైఫై ఇచ్చే గుండ్రటి యాక్సెస్ పాయింట్ బిగించాను. దానికి కరెంటు కూడా ఆ వైరులోనే వెళ్తుంది, పక్కన ప్లగ్గు పాయింటు అక్కర్లేదు. ఇప్పటిదాకా రెండుసార్లు మార్చాను. వైరు మాత్రం అదే. క్యాట్ 6 మీద 55 మీటర్ల వరకు 10 గిగాబిట్ కూడా నడుస్తుంది. మా ఇంట్లో పొడుగైన లైను 22 మీటర్లే, కాబట్టి దాని జోలికి మళ్లీ వెళ్లాల్సిన పని కనుచూపు మేరలో లేదు.

అయితే వైరు బాగున్నంత మాత్రాన సరిపోదు. 2021లో నెట్ ప్లాన్ 300 ఎంబీపీఎస్‌కి పెంచాను. డబ్బా దగ్గర 300 వస్తోంది, నా గదిలో ఎన్నిసార్లు చూసినా 94. కంపెనీకి ఫోన్ చేస్తే "లైన్ మంచిగనే ఉంది సార్". నిజంగానే వాళ్ల లైను బాగుంది. తొంభై నాలుగు అనే అంకెలోనే జవాబుంది. క్యాట్ 6 లోపలి ఎనిమిది తీగల్లో నాలుగు మాత్రమే దొరికితే లింకు 100కి (వాడకంలో 94 దాకా) పడిపోతుంది, అంతకంటే ఎక్కువకి ఎనిమిదీ కావాలి. నా టేబుల్ వెనక ప్లేటు విప్పి టార్చి వేస్తే, గోధుమ రంగు జంటలో ఒక తీగ డబ్బీ అంచు కింద నలిగి, దారం పోగులాంటి రాగి మాత్రమే మిగిలి ఉంది. స్క్రూ బిగించేటప్పుడు నలిగినట్టుంది. రెండంగుళాలు కోసి, పంచింగ్ టూల్‌తో మళ్లీ కొట్టాను. పది నిమిషాల పని, మూడేళ్లు తెలియలేదు. గోడకు రంగులు వేయకముందే ప్రతి పాయింటునూ గిగాబిట్ స్విచ్‌కి పెట్టి చూసి ఉంటే బాగుండేది.

కెమెరాల కథ వేరు. గేటు వైపు పెట్టిన రెండింటికీ గోడలోంచి తీసిన వైరు అందక, బిగించడానికొచ్చినవాళ్లే తమ దగ్గరున్న వైరు కలిపారు. పగలంతా బాగానే ఉండేవి, చీకటి పడగానే ఐదు నిమిషాలకోసారి ఆరి వెలిగేవి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ వైరు తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసింది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. కరెంటు దారిలోనే పలచబడి చివరికి చాలేది కాదు. రాగి వైరు వేశాక మళ్లీ ఆ గొడవ లేదు. కొనేటప్పుడే పెట్టెను చేతిలోకి తీసుకుని చూడండి, అల్యూమినియందైతే అనుమానం వచ్చేంత తేలిగ్గా ఉంటుంది.

ఇక హోమ్ థియేటర్. ఇక్కడే నా పరువు పోయింది.

ఇంటి మొత్తానికి కొన్న వైర్లలో మీటరు లెక్కన ఖరీదైనది 15 మీటర్ల హెచ్‌డీఎంఐ (బొమ్మనీ శబ్దాన్నీ మోసే వైరు), ఆంప్ (స్పీకర్లను నడిపే పెట్టె) దగ్గర్నుంచి హాలు వెనక ప్రొజెక్టర్‌కి. దాని తల పైపులో పట్టదు కాబట్టి, గోడ కటింగ్ అయ్యాక పైపు ముక్కల్ని ఒక్కొక్కటిగా వైరుకి తొడుక్కుంటూ, ఎల్బోలు అతికించి, పైన ప్లాస్టరింగ్ చేయించాను. ఎంత తెలివైనవాణ్నో అనుకున్నాను. అంటే ఆ వైరు మళ్లీ బయటికి రాదు, దాని స్థానంలో ఇంకోటి లోపలికి పోదు. పాత ప్రొజెక్టర్‌తో నాలుగేళ్లు బాగా నడిచింది. 2022లో 4కె ప్రొజెక్టర్ తెచ్చాక అసలు రంగు బయటపడింది. సెకనుకు 30 ఫ్రేములైతే బొమ్మ నిలబడేది, 60కి పెట్టగానే నల్లబడి మిణుకుమనేది. 4కె 60కి సెకనుకు 18 గిగాబిట్‌లు మోయాలి. అంత పొడుగు రాగి హెచ్‌డీఎంఐకి అది మోయలేని బరువు. పెట్టె మీద '4కె' అని రాసి ఉంది, అబద్ధమూ కాదు, 30 కూడా 4కెనే.

చివరికి ఫాల్స్ సీలింగ్ అంచు విప్పి, ఇంచున్నర పైపు వేసి, ఎల్బోల బదులు పొడుగు బెండ్లు పెట్టి, లోపల రాగి బదులు ఫైబర్ (కాంతితో పనిచేసే) హెచ్‌డీఎంఐ లాగించాను. జిప్సం పనికీ రంగులకీ అయిన ఖర్చు వైరు ఖరీదుని దాటింది. ఇంకో ముచ్చట. ఫైబర్ వైరుకి దిక్కులుంటాయి, ఒక చివర ఆంప్ వైపు, ఇంకో చివర తెర వైపు. తల మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. చదవకుండా తిరగేసి లాగించి, ఒక ఆదివారమంతా ప్రొజెక్టర్‌ని తిట్టుకున్నాను. లాగేముందు నేల మీద పరిచి, బొమ్మ వచ్చాకే పైపులోకి ఎక్కించాలి.

స్పీకర్ వైర్ల మీద నేను పెట్టిన డబ్బు కొంత దండగే. అన్నిటికీ 14 గేజ్ వేశాను. వెనక స్పీకర్‌కి 12 మీటర్ల దూరం. దానికంటే సన్నటి 1.5 స్క్వేర్ రాగి వైరు వేసినా రానూపోనూ అడ్డంకి పావు ఓమ్ దాటి కొంచెమే, 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది లెక్కలోకి రాదు. నా చెవికి తేడా తెలుస్తుందని ఎవరైనా అంటే నేను వాదించను, నవ్వుతాను. సబ్‌వూఫర్ (బేస్ శబ్దాల స్పీకర్) వైరు విషయంలో మాత్రం చెవి అక్కర్లేకుండానే తేడా వినపడింది. దాని పైపు ఏసీ లైను పక్కనే ఆరు మీటర్లు నడిచింది. కంప్రెసర్ అందుకున్నప్పుడల్లా సోఫా కింద 'టప్' అని శబ్దం. మా అమ్మ మొదట పిల్లి అనుకుంది. ఇప్పుడు ఆ వైరు స్కర్టింగ్ మీద బయటే పోతోంది, శబ్దం లేదు. కరెంటు పైపుకూ వీటికీ మధ్య కనీసం అడుగు ఎడం ఉంచాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. రెండూ ఒకే పైపులో అసలే వద్దు.

డీటీహెచ్ కోసం నాలుగు గదులకు వేసిన కోయాక్స్ కేబుళ్లలో మూడు ఒక్కరోజూ వాడలేదు, నాలుగోది ఆగి మూడేళ్లయింది. ల్యాండ్‌లైన్ పాయింట్లు రెండూ అంతే. కానీ గేటు నుంచి మెట్ల కిందికి ఫోన్ కోసం వేసిన ఖాళీ పైపు ఉందే, ఫైబర్ నెట్ వచ్చినప్పుడు అదే ఆదుకుంది. లేకపోతే కిటికీ ఫ్రేముకి బెజ్జం వేసేవాళ్లు, మా వీధిలో చాలా ఇళ్లకు అలాగే ఉంది. మెట్ల కింద చోటు మాత్రం మంచి ఎంపిక కాదు. ఇన్వర్టర్ కూడా అక్కడే ఉండటంతో మే నెలలో రౌటర్ మీద చెయ్యి పెట్టలేం. డబ్బా తలుపు తీసేసి చిన్న ఫ్యాన్ పెట్టాక నయం. ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో ఉంచితే కరెంటు పోయినా రౌటర్ ఆగదు, నెట్ కొనసాగుతుంది.

పైసా ఖర్చు లేకుండా చేసిన పని ఒకటుంది. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫొటోలు తీసుకున్నాను. గీజర్ బిగించినప్పుడు, కర్టెన్ రాడ్డు కొట్టినప్పుడు ఆ ఫొటోలే చూశాం, ఇంతవరకు ఒక్క పైపుకీ డ్రిల్లు తగల్లేదు.

స్లాబులో వేసిన పైపుల సంగతి ఫొటోలు కూడా చెప్పలేకపోయాయి. 2017 మేలో స్లాబు వేసిన రోజు, రాడ్డు కట్టడం అయ్యాక వెనక స్పీకర్లకు రెండు పైపులు పరిచారు. మిల్లరు అప్పటికే తిరుగుతోంది, అందరికీ తొందర. ఎడమ పైపు జాయింటుకి అతికించే సొల్యూషన్ రాయడం మరిచిపోయారు, నేనూ చూసుకోలేదు. సిమెంటు పాలు లోపలికి దిగి గట్టిపడ్డాయి. కుడి వైపు వైరు సులువుగా పోయింది. ఎడమ వైపు ఏడు మీటర్ల దగ్గర ఆగింది. ఇద్దరు మనుషులు పూటంతా గుంజారు, చివరికి వైరు లాగే స్ప్రింగే తెగింది. ఆ స్పీకర్ వైరు ఇప్పటికీ తలుపు చుట్టూ కేసింగ్ పట్టీలో తిరిగి వస్తుంది.

వచ్చే వారం కాజీపేటలో మా బావమరిది ఇంటి స్లాబు. "బావా, ఏమేం కొనాలి" అని లిస్టు అడిగాడు. వైర్లు తర్వాత, ముందు పైపులూ ఓ డబ్బా సొల్యూషనూ కొనమన్నాను. పొద్దున ఆరింటికే వచ్చి ప్రతి జాయింటూ లాగి చూస్తానని చెప్పాను. మా ఇంట్లో తెగిన ఆ స్ప్రింగు ముక్క ఇంకా ఆ స్లాబులోనే ఉంది.