మూడు తరాల ప్రాసెసర్లు, ఒకే బోర్డు: బీ450 టొమాహాక్ మ్యాక్స్ దీర్ఘకాల సమీక్ష

ఎంఎస్‌ఐ బీ450 టొమాహాక్ మ్యాక్స్ మదర్‌బోర్డు మీద మొదట ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 2600 నడిచింది, ఆపైన 3600, ఇప్పుడు 5600 నడుస్తోంది. ర్యాము, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్ అవే. అనంతపురంలో, ఏసీ లేని గదిలో, రోజూ పనికి వాడే మెషీన్. ఇన్నేళ్ల వాడకం తర్వాత ఈ బోర్డులో అన్నిటికన్నా విలువైన భాగం ఏదంటే వెనక ప్యానెల్ మీది ఫ్లాష్ బయాస్ బటన్ అనే చెప్పాలి. బయాస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే, బోర్డు మీది చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రాం; ప్రాసెసర్ లేకుండానే దాన్ని మార్చేది ఈ బటన్. హీట్‌సింకులు, లైట్లు, సౌండ్ చిప్ అన్నీ దాని తర్వాతే.

మన ఊళ్లకు ఆ బటన్ ఇంకా ఎక్కువ అవసరం. అనంతపురం అంగళ్లకు సరుకు ఎక్కువగా బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి వస్తుంది, కర్నూలుకు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) నుంచి. అమ్ముడుపోని బోర్డు పెట్టెలోనే నెలల తరబడి ఉండిపోతుంది. ఫ్యాక్టరీలో ఏ బయాస్ ఎక్కించారో అదే అందులో ఉంటుంది. దాని మీద ఆ తర్వాత విడుదలైన ప్రాసెసర్ పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. బోర్డు పోయిందనో ప్రాసెసర్ పోయిందనో వాపసు పంపేవాళ్లు ఎందరో. నిజానికి రెండూ బాగానే ఉంటాయి.

ఈ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌కు 1331 రంధ్రాలు. 2017 మార్చిలో వచ్చిన మొదటి రైజెన్ నుంచి 2024 జనవరిలో వచ్చిన 5700ఎక్స్3డీ దాకా అన్నీ అందులో కూర్చుంటాయి. కూర్చున్నంత మాత్రాన పని చేయవు. కరెంటు రాగానే ప్రాసెసర్‌ను, ర్యామును లేపే కోడ్‌ను ఏఎండీ తయారుచేసి బోర్డు కంపెనీలకు ఇస్తుంది, దాని పేరు అజీసా. కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టే అజీసా ఉన్న బయాస్ బోర్డులో లేకపోతే బూట్ మొదలే కాదు. అప్పుడు ఈ బోర్డు మీద ర్యాము స్లాట్ల పక్కన ఉండే నాలుగు చిన్న ఎల్‌ఈడీల్లో సీపీయూ అన్నది వెలిగి అలాగే ఉండిపోతుంది. డీరామ్ లైట్ దగ్గర ఆగితే కథ వేరు, ముందు ర్యాము తీసి మళ్లీ పెట్టి చూడాలి. వీజీఏ (గ్రాఫిక్స్) దగ్గర ఆగితే కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి: 2600, 3600, 5600 వీటిలో దేనికీ లోపల గ్రాఫిక్స్ లేవు. కేబుల్ బోర్డు హెచ్‌డీఎంఐలో పెడితే బయాస్ ఎంత కొత్తదైనా తెర నల్లగానే ఉంటుంది. పేరు చివర జీ ఉన్న 3200జీ, 5600జీ లాంటి వాటికే ఆ పోర్టు పని చేస్తుంది.

మ్యాక్స్ అన్న మాటకు అర్థం బయాస్ చిప్ సైజులో ఉంది. తొలి బీ450 బోర్డుల్లో చాలావాటికి 16 ఎంబీ చిప్పే ఉండేది. 2019 జూలైలో రైజెన్ 3000 వచ్చేసరికి ఒక్కో తరానికీ ఒక్కో కోడ్ మోస్తూ ఆ చిప్ నిండిపోయింది. కంపెనీలు బొమ్మల మెనూలు తీసేశాయి, కొన్ని బోర్డుల్లో పాత ఏ-సిరీస్ ప్రాసెసర్ల సపోర్టును కూడా కత్తిరించాయి. మ్యాక్స్‌లో 32 ఎంబీ చిప్ వేశారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. బోర్డు మీద అచ్చయిన ఎంఎస్-7సీ02 అనే నంబరు పాత టొమాహాక్‌కూ మ్యాక్స్‌కూ ఒకటే. బయాస్ ఫైళ్లు మాత్రం వేరు. నంబరు చూసి డౌన్‌లోడ్ చేస్తే తప్పు ఫైలు చేతికొస్తుంది. పూర్తి పేరు చూడండి. విండోస్ నడుస్తుంటే సీపీయూ-జెడ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ తెరిస్తే మోడల్, బయాస్ వెర్షన్, దాని తేదీ మూడూ కనిపిస్తాయి.

ప్రాసెసర్ పేరు చూసి తరం అంచనా వేయడం కూడా ప్రమాదమే. 3200జీ పేరులో మూడు వేలు ఉన్నా లోపల ఉన్నది 2000 సిరీస్ నాటి జెన్ ప్లస్ డిజైన్. 5500, 5600 రెండూ 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, కాబట్టి 2020 నవంబర్‌లో వచ్చిన 5600ఎక్స్‌ను లేపే బయాస్ వీటిని కూడా లేపుతుందని నమ్మకూడదు. బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ పట్టిక ఉంటుంది. అందులో మీ ప్రాసెసర్ వరుసకు ఎదురుగా ఏ బయాస్ వెర్షన్ రాసి ఉందో, అదీ లేదా దానికన్నా కొత్తది కావాలి. కొనేముందు చూడాల్సిన పేజీ ఇదొక్కటే.

5000 సిరీస్ విషయంలో బీ450 వాళ్లకు కొంతకాలం గుబులుగానే గడిచింది. 2020 మేలో ఏఎండీ ఆ ప్రాసెసర్లు 500 సిరీస్ (బీ550, ఎక్స్570 లాంటి) బోర్డుల్లోనే నడుస్తాయని ప్రకటించింది. వాడకందార్లు గట్టిగా అడిగాక అదే నెలలో మాట మార్చుకుని బీ450, ఎక్స్470లకూ ఇస్తామంది. అయితే ఆ బయాస్ ఎక్కితే వెనక్కి రాలేమన్న షరతు పెట్టింది. ఈ మాట ఇప్పటికీ గుర్తుంచుకోవాలి. కొత్త బయాస్ ఎక్కించాక పాత ప్రాసెసర్‌తో అదే బోర్డును ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే, ఆ పాతది కొత్త వెర్షన్ పట్టికలో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇక ఎక్కించే పద్ధతి. పాత ప్రాసెసర్ చేతిలో ఉంటే దాన్ని తీయకముందే బయాస్ మార్చాలి. చాలామంది వరుస తిరగేసి ముందు కొత్త ప్రాసెసర్ పెట్టేస్తారు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పి ఫైలు అందులో వేసి, బయాస్‌లోనే ఉండే ఎం-ఫ్లాష్ అనే టూల్‌తో ఎక్కించండి. విండోస్ లోపలి నుంచి ఎక్కించే టూల్ జోలికి పోకండి, మధ్యలో విండోస్ ఆగిపోతే చిప్ సగం రాసి మిగిలిపోతుంది. వేరే కంపెనీల బీ450 బోర్డుల్లో కొన్నిటికి నేరుగా చివరి వెర్షన్‌కు పోకుండా మధ్యలో ఒక వెర్షన్ గానీ, ఈసీ అనే చిన్న కంట్రోలర్ చిప్ ఫర్మ్‌వేర్ గానీ ముందు ఎక్కించాలి. డౌన్‌లోడ్ పేజీలో ఆ వెర్షన్ కింద చిన్న అక్షరాలతో రాస్తారు, తప్పక చదవండి.

పాత ప్రాసెసర్ లేకపోతే బటనే దిక్కు. దీనికి ప్రాసెసర్, ర్యాము, గ్రాఫిక్స్ కార్డు ఏవీ అక్కర్లేదు. 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కు పోయే 8 పిన్నుల కేబుల్ రెండూ గుచ్చి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) స్విచ్ ఆన్ చేస్తే చాలు. క్యాబినెట్ పవర్ బటన్ నొక్కకూడదు. ఫైలు పేరును ఎంఎస్‌ఐ డాట్ ఆర్‌ఓఎం (MSI.ROM) అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో మార్చి, ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా పెన్‌డ్రైవ్ మొదట్లోనే వేయాలి. ఎక్కువమంది తడబడేది ఈ పేరు దగ్గరే. విండోస్ ఫైలు ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెడుతుంది కాబట్టి, పేరు మార్చామనుకున్న ఫైలుకు వెనక పాత తోక అలాగే మిగులుతుంది, బోర్డు దాన్ని గుర్తించదు. ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టాకే మార్చండి. పెన్‌డ్రైవ్ 32 జీబీకి మించకుండా, పాత యూఎస్‌బీ 2.0 రకమైతే మేలు. వెనక ఫ్లాష్ బయాస్ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టి బటన్ నొక్కితే పక్కనున్న ఎల్‌ఈడీ మిణుకుతుంది. కొన్ని నిమిషాలు పడుతుంది. మిణుకు ఆగేదాకా ముట్టుకోవద్దు. మొదలుపెట్టిన కొన్ని సెకన్లకే ఆగిపోతే ఫైలు చదవలేదని అర్థం: పేరు, ఫార్మాట్, పోర్టు ఈ వరుసలో సరిచూడండి, అప్పటికీ కాకపోతే పెన్‌డ్రైవ్ మార్చండి.

కరెంటు మాట చెప్పకుండా ముందుకు పోలేం. వేసవి మధ్యాహ్నం బయాస్ ఎక్కించడం మానుకుని, సరఫరా నిలకడగా ఉండే వేళ చూసుకోండి, యూపీఎస్ తప్పనిసరి. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్ముకుంటే దాని మీది స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు.

మధ్యలో ఆగిపోయినా ఈ బోర్డు పోయినట్టు కాదు, బటన్‌తోనే మళ్లీ మొదటి నుంచి ఎక్కించవచ్చు. బటన్ లేని బోర్డు అలా చచ్చిపడితే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌లోకి నేరుగా రాసే చిన్న పరికరం), చిప్‌ను పట్టుకునే 8 కాళ్ల క్లిప్ కావాలి. ఏఎం4 బోర్డుల్లో చాలావాటి బయాస్ చిప్పులు 1.8 వోల్టులవి. ప్రోగ్రామర్ ఇచ్చేది 3.3 వోల్టులు, నల్ల బోర్డు రకాల్లో కొన్ని సిగ్నల్ తీగల మీద 5 వోల్టులు కూడా పంపుతాయి. మధ్యలో 1.8 వోల్టుల అడాప్టర్ పెట్టకుండా గుచ్చితే చిప్ కాలిపోవచ్చు. చిప్ మీద నంబరు చదివి, దాని డేటాషీట్ చూశాకే క్లిప్ పెట్టాలి.

ప్రాసెసర్ తీసేటప్పుడు ఇంకో గండం. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పైన పట్టి ఉంచే చట్రం లేదు. పేస్ట్ ఎండి గట్టిపడిన కూలర్‌ను నిటారుగా లాగితే లివర్ మూసి ఉండగానే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. మెషీన్‌ను పది నిమిషాలు బరువైన పనితో వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు వదులు చేశాక కూలర్‌ను అటూ ఇటూ మెలితిప్పి తీయండి. బోర్డు వెనక ఉండే ప్లేటును చేత్తో పట్టుకోండి, నాలుగు స్క్రూలూ తీయగానే అది జారి పడుతుంది.

కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెషీన్ తనంతట తాను రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావచ్చు. ర్యామును కొలుచుకుంటోంది, ఆపేయకండి. ఆ తర్వాత ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో భద్రతా కీలు దాచే భాగం) మారింది, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడుగుతుంది. విండోస్ డిస్క్ తాళం బిట్‌లాకర్ వేసి ఉంటే ఇక్కడ చిక్కే. వై నొక్కాక 48 అంకెల రికవరీ కీ లేకుండా డిస్క్ తెరుచుకోదు. అందుకే ప్రాసెసర్ మార్చకముందే విండోస్‌లో బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. లాగిన్ పిన్ కూడా చెల్లకుండా పోవచ్చు, పాస్‌వర్డ్ గుర్తుండాలి.

బయాస్ ఎక్కగానే పాత సెట్టింగులన్నీ పోతాయి. ర్యామును పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆఫ్ అయి 3200 ర్యాము 2133 లేదా 2400 వేగానికి పడిపోతుంది. వర్చువల్ మెషీన్లు వాడేవాళ్లకు ఎస్‌వీఎం కూడా మళ్లీ ఆన్ చేయాలి. ముందే ఫోన్‌తో ప్రతి పేజీ ఫోటో తీసుకుంటే పని తేలిక. పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండి, కొత్త బయాస్‌లో పాత పద్ధతి బూట్‌కు వీలిచ్చే సీఎస్‌ఎం ఆఫ్‌లో ఉంటే బూట్ డిస్క్ లేదంటుంది. డేటా ఎక్కడికీ పోలేదు, కంగారుపడి ఫార్మాట్ చేయకండి. సీఎస్‌ఎం ఆన్ చేసి విండోస్‌లోకి వెళ్లి, బ్యాకప్ తీసుకుని, ఎంబీఆర్2జీపీటీ ఆదేశంతో డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చాక మళ్లీ ఆఫ్ చేయవచ్చు. విండోస్ 11 కావాలంటే ఈ మార్పు ఎలాగూ తప్పదు. రైజెన్ 1000 సిరీస్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. 2600 నుంచి పైవాటికి ఆ ఇబ్బంది లేదు.

ప్రాసెసర్ మార్చకపోయినా కొన్ని బయాస్‌లు ఎక్కించి తీరాలి. యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి తెగిపోయే తెగులును ఏఎండీ ఒప్పుకుని అజీసా 1.2.0.2లో సరిచేసింది. ఎఫ్‌టీపీఎం ఆన్‌లో ఉంటే ఆట మధ్యలో, పాట మధ్యలో క్షణకాలం అంతా బిగుసుకుపోయే ఇబ్బందికి మందు 1.2.0.7. ఎఫ్‌టీపీఎం అప్పుడప్పుడు బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో ఎక్కువసేపు లావాదేవీ జరపడమే దానికి కారణం. మీ బయాస్ అంతకన్నా పాతదై, విండోస్ 11లో మౌస్ ఆగి ఆగి కదులుతుంటే గ్రాఫిక్స్ కార్డును అనుమానించకముందు ఇది చూడండి.

ఇంటెల్ వైపు కూడా సాకెట్‌ను చూసి మోసపోయేవాళ్లున్నారు. ఎల్‌జీఏ1200 సాకెట్‌లో హెచ్410, బీ460 మొదటి బోర్డులు 11వ తరాన్ని ఏ బయాస్‌తోనూ తీసుకోవు, హెచ్470, జెడ్490 తీసుకుంటాయి. కడపలోనూ కర్నూలులోనూ ఇంకా చేతులు మారుతున్న హెచ్61 బోర్డుల్లో 2వ తరం ప్రాసెసర్ తీసి 3వ తరం పెట్టేముందు బయాస్ మార్చాలి. వాటికి ఫ్లాష్ బటన్లు లేవు, పాత ప్రాసెసర్‌ను అప్పటిదాకా అమ్మకండి. అంగట్లో కొత్త బోర్డు కొనేటప్పుడు కూడా, పెట్టె విప్పి మీ ప్రాసెసర్‌తోనే బయాస్ తెర చూపించమని బిల్లు వేయకముందే అడగండి. సర్వీసు చార్జీ కొంచెం తీసుకున్నా ఫరవాలేదు.

ఎండ విషయానికొస్తే, మేలో గది వేడి 40 డిగ్రీలకు చేరినా 5600తో ఈ బోర్డు వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు కరెంటు సర్ది ఇచ్చే భాగం) స్థిమితంగానే ఉంటుంది. ఆ ప్రాసెసర్ లాగే గరిష్ఠం 76 వాట్లే. 142 వాట్ల దాకా పోయే 5800ఎక్స్, 5900ఎక్స్ లాంటివి ఈ బోర్డు లేపుతుంది కానీ, వేసవిలో గంటలకొద్దీ వీడియో రెండరింగ్‌కు వాటిని దీని మీద పెట్టమని చెప్పను, 5700ఎక్స్ దగ్గర ఆగిపోవడం మంచిది. హీట్‌సింక్ లేని చవక బీ450 బోర్డులైతే 65 వాట్ల ప్రాసెసర్లతోనే సరిపెట్టుకోవాలి. దీనికి ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్ ఒక్కటే, వైఫై లేదు, 5600 పెట్టినా కార్డులకు పీసీఐఈ 3.0 వేగమే. ముందు ఫ్యాన్ల జాలీని నెలకోసారి దులపకపోతే ఎర్రమట్టి దుమ్ముకు ఈ లెక్కలన్నీ తప్పుతాయి.