నీళ్ల సంచి ఉన్న రన్నింగ్ వెస్ట్: నా గొడవంతా ఆ ఓ-రింగుతోనే

బరువు, కొలతలు, రంగులు పెట్టె మీదే ఉంటాయి, వదిలేస్తున్నా. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా విరాళాల కోసం పరిగెత్తాలనుకునేవాళ్లు శిక్షణలో ఈ వెస్ట్‌ను (వీపున నీళ్ల సంచి, ముందు జేబులతో పరుగులో తొడుక్కునేది) ఎంతవరకు నమ్మొచ్చన్నదే ఇక్కడ విషయం. 2019లో రన్నర్ సుఫియా ఖాన్ ఆ దారిలో 4,035 కిలోమీటర్లు 87 రోజుల్లో ముగించారు. సగటున రోజుకు 46 పైనే. అందుకే శిక్షణలో శనివారం ముప్పై, ఆదివారం పాతిక అంటూ వరుస పరుగులు పెట్టుకుంటాం. వెస్ట్ అసలు గుణం ఆదివారమే బయటపడుతుంది.

వీపు మీది సంచికీ, నీళ్లు పీల్చుకునే ట్యూబుకీ మధ్య టక్కున బిగుసుకునే కప్లింగు ఉంది. నీళ్లు నింపుకోవడానికి హాయి. కానీ అందులో నీళ్లు కారకుండా ఆపే సన్నని రబ్బరు ఓ-రింగు ఎండినా, దాని మీద ఇసుక రేణువు కూర్చున్నా చుక్కచుక్కగా కారుతుంది. వీపు ఎలాగూ చెమటతో తడిసే ఉంటుంది కాబట్టి ఆ సంగతి తెలీదు. షార్ట్స్ తడిసి తొడలు ఒరుసుకుపోయి, సాక్సులు నాని మడమ బొబ్బెక్కాకే తెలుస్తుంది. ఇక ఆదివారం పరుగు పోయినట్టే.

రింగు పాడవడానికి ముఖ్య కారణం ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్‌లో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. ఆరాక అదంతా రింగు చుట్టూ పెచ్చు కడుతుంది, ట్యూబులో నల్లగా బూజు పడుతుంది. కాబట్టి సంచిలో వట్టి నీళ్లే పోయాలి. ఓఆర్‌ఎస్‌ను లీటరు సీసాలో కలిపి, ముందు జేబుల్లోని రెండు అర లీటరు ఫ్లాస్కుల్లోకి (చిన్న తాగే సీసాల్లోకి) వంచుకోవాలి. సగం ప్యాకెట్ చొప్పున ఉజ్జాయింపుగా వేస్తే ఒకదాంట్లో ఉప్పెక్కువవుతుంది.

వారానికోసారి రింగును టూత్‌పిక్‌తో తీయండి. పిన్నీసు వద్దు, గాటు పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో కడిగి, ఆహార వస్తువులకు వాడదగ్గ సిలికోన్ గ్రీజు బియ్యపుగింజంత రాయండి. వ్యాజ్‌లైన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. తర్వాత సంచి నింపి, పాత పేపరు మీద పెట్టి, పైన లావుపాటి పుస్తకం బరువుంచి పది నిమిషాలు చూడండి. పేపరు తడిస్తే రింగు మార్చాల్సిందే. కడిగిన ట్యూబు లోపల ఆరదు. మూత కట్టి ఫ్రీజర్‌లో పెట్టేస్తే బూజు పెరగదు.

ఎండలో ట్యూబులోని నీళ్లు వేడెక్కి మొదటి గుక్క నోరు కాలుతుంది. తాగిన ప్రతిసారీ గాలి ఊది నీళ్లను సంచిలోకి వెనక్కి పంపితే ఆ బాధ ఉండదు.

ముందు జేబులు మాత్రం అద్భుతం. అంటే, రెండు ఫ్లాస్కులూ సమంగా ఉన్నంతసేపు. ఒకటి ఖాళీ అయితే రెండోది ఎగురుతూ కాలర్ ఎముక మీద ఒరుస్తుంది. రెండింట్లోంచీ మార్చి మార్చి తాగాలి.

ఐదారు కిలోమీటర్లకో క్రూ బండి (నీళ్లూ తిండీ తెచ్చే సహాయకుల బండి) ఎదురయ్యేవాళ్లకు ఈ సంచే అక్కర్లేదు, ఫ్లాస్కులు చాలు. ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు దాటి గుత్తి వైపు ఏప్రిల్‌లో ఒంటరిగా పరిగెత్తాలంటే మాత్రం నాకు వేరే దారి లేదు, అందుకే తిట్టుకుంటూ వాడుతున్నా. భుజాలు సన్నగా ఉన్నవాళ్లు నీళ్లు నింపిన సంచితో దుకాణంలోనే వేసుకుని గెంతి చూడాలి; ఖాళీ వెస్ట్ అందరికీ సరిపోయినట్టే ఉంటుంది. విడి రింగు కంపెనీ నుంచి రావడానికి ఆలస్యమైతే, పాతది పట్టుకుని వాటర్ ఫిల్టర్లు బాగుచేసేవాళ్ల దగ్గర కొలత చూపించండి, దొరకొచ్చు.