బ్యారీ తుక్కు నుంచి డిడ్‌కాట్ షెడ్డు దాకా: పాత ఆవిరి ఇంజన్ల విడిభాగాల వెంట ఒక యాత్ర

ఇంగ్లండుకు వచ్చే మనవాళ్లలో రైళ్ల మీద మక్కువ ఉన్నవారు ఎక్కువగా యార్క్ వెళ్లి, అక్కడి జాతీయ రైల్వే మ్యూజియం చూసి తృప్తి పడతారు. ఆ మ్యూజియం నిజంగానే గొప్పది. అయితే ఈసారి నా కోరిక వేరు. తుక్కు కింద అమ్ముడుపోయిన ఇంజన్ల చట్రాలు, బాయిలర్లు, చక్రాలు, సిలిండర్లు ఎవరి చేతికి చేరాయో, ఏ ఇంజన్‌లో కుదురుకుని మళ్లీ పనికి వచ్చాయో కళ్లారా చూడాలనుకున్నాను. సికింద్రాబాదులో లాలాగూడ వర్క్‌షాపు దరిదాపుల్లో పెరిగినవాడిని కనుక, ఇంజన్ అంటే నాకు ఎప్పుడూ ఒకే ముక్కగా కనిపించదు. విప్పి, సరిచేసి, తిరిగి బిగించే వందల ముక్కలుగానే కనిపిస్తుంది. మా అమ్మాయి కుటుంబం రెడింగ్‌లో ఉంటుంది. ఆ ఊరినే మకాంగా పెట్టుకుని తిరిగిన చోట్ల గురించి, బసల గురించి, రైలు సౌకర్యాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

బ్యారీ సంగతి తెలియకపోతే మిగతా చోట్లు సగమే అర్థమవుతాయి. బ్రిటిష్ రైల్వే 1955లో ఆధునికీకరణ ప్రణాళికను ప్రకటించింది. 1968 ఆగస్టుతో ప్రధాన మార్గాల మీద ఆవిరి రైళ్ల కాలం ముగిసింది. ఈ నడుమ వేల సంఖ్యలో ఇంజన్లను తుక్కు వ్యాపారులకు అమ్మేశారు. దక్షిణ వేల్స్‌లోని బ్యారీ రేవులో వుడ్‌హమ్ బ్రదర్స్ అనే సంస్థ నడిపిన తుక్కు యార్డుకు 1959 మార్చి నుంచి మొత్తం 297 ఇంజన్లు చేరాయి. యార్డును నడిపిన డై వుడ్‌హమ్ ఇంజన్లను పక్కన పెట్టి, ముందుగా పాత గూడ్సు వ్యాగన్లను కోయించారు; వ్యాగన్లను కోయడం సులువు, వాటి మీద డబ్బు వెంటనే చేతికి వస్తుంది. ఆ వ్యాపార లెక్క వల్లనే ఇంజన్లు ఏళ్ల తరబడి ఉప్పుగాలికి తుప్పు పడుతూ వరుసలుగా నిలిచిపోయాయి. 1968 సెప్టెంబరులో 43924 నంబరు ఇంజన్ అక్కడి నుంచి మొట్టమొదటగా బయటపడింది. 1990 జనవరిలో చివరిది వెళ్లిపోయేనాటికి 213 ఇంజన్లు కోతను తప్పించుకున్నాయి. ఇవాళ బ్రిటన్‌లో నడుస్తున్న వారసత్వ రైలు మార్గాలలో చాలావాటికి ఇంజన్లు దొరికింది ఈ ఒక్క యార్డు వల్లనే.

బ్యారీకి కార్డిఫ్ సెంట్రల్ నుంచి లోకల్ రైలులో సుమారు అరగంట ప్రయాణం. అయితే అక్కడికి వెళ్లేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. యార్డు ఉన్న చోట ఇప్పుడు ఇళ్లు, దుకాణాలు, కొత్త రోడ్లు ఉన్నాయి. రేవు 1889లో తెరిచినప్పటి ఆనవాళ్లు కొన్ని కనిపిస్తాయి. పాత పంపుహౌసును, గూడ్సు షెడ్డును బాగుచేసి నివాసాలుగా, భోజనశాలలుగా మార్చారు. చిన్న పర్యాటక రైలు మార్గం ఒకటి ఉంది. ఇంజన్లు వరుసలుగా నిలిచిన ఆ ప్రదేశంలో నిలబడాలన్న కోరిక బలంగా ఉన్నవారికి తప్ప, ప్రత్యేకంగా ఇంత దూరం రమ్మని నేను ఎవరికీ చెప్పలేను. పిల్లలతో వెళ్తే మాత్రం బ్యారీ ఐలండ్ స్టేషన్‌లో దిగగానే సముద్రతీరం ఉంది, పూట హాయిగా గడిచిపోతుంది. బస కార్డిఫ్‌లో పెట్టుకోవడం మేలు. రైళ్లు, భోజనం, రాత్రివేళ నడవడానికి వీలు, ఏ రకంగా చూసినా అదే సుఖం. నేను ఆన్‌లైన్‌లో తీసుకున్న గది స్టేషన్‌కు దగ్గరని ప్రకటనలో ఉంది కానీ నిజానికి చాలా దూరం, పైగా లిఫ్టు లేని మూడో అంతస్తు. వయసు మళ్లినవారు గది తీసుకునేముందు ఈ రెండు విషయాలను ఫోను చేసి అడిగి నిర్ధారించుకోవాలి.

బ్యారీలో నిలబడినప్పుడు నాకు పదేపదే గుర్తుకు వచ్చింది 71000 నంబరు ‘డ్యూక్ ఆఫ్ గ్లాస్టర్’. 1954లో తయారైన ఈ ఇంజన్ తరగతిలో, అంటే ఒకే నమూనా ఇంజన్ల శ్రేణిలో, ఉన్నది ఇదొక్కటే. లోపలి నిర్మాణాన్ని జనానికి చూపడం కోసం దాని సిలిండరు ఒకదాన్ని కోసి లండన్ సైన్స్ మ్యూజియానికి తీసుకున్నారు. మిగిలిన ఇంజన్ బ్యారీ యార్డుకు చేరింది. సిలిండర్లలోకి ఆవిరిని వదిలే అరుదైన కాప్రోటి వాల్వు సామగ్రి కూడా లేని ఆ మొండి ఇంజన్‌ను కొందరు అభిమానులు 1974లో కొని, సిలిండర్లను కొత్తగా పోతపోయించి, వాల్వు సామగ్రిని మళ్లీ చేయించి 1986లో ఆవిరి మీద నడిపారు. ఆ క్రమంలో నిప్పు కింద ఉండే బూడిదపెట్టె గాలిదారులు అసలు నుంచీ చిన్నవిగా ఉన్నట్టు బయటపడింది. దాన్ని సరిదిద్దాక ఆ ఇంజన్ తన ఉద్యోగకాలంలో కంటే మెరుగ్గా పనిచేసింది. తుక్కును ఓపికగా విప్పి చదివినవారికే ఇటువంటి ఫలితం దక్కుతుంది.

యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు డిడ్‌కాట్. రెడింగ్ నుంచి రైలులో పావుగంట. లండన్ పాడింగ్టన్ నుంచి కూడా నేరుగా రైళ్లున్నాయి. డిడ్‌కాట్ పార్క్‌వే స్టేషన్‌లో దిగి, ప్లాట్‌ఫారాల కింది దారి వెంట నడిస్తే రైల్వే సెంటర్ ద్వారం వస్తుంది. టాక్సీ అవసరమే ఉండదు. గ్రేట్ వెస్టర్న్ సొసైటీ అనే అభిమానుల సంఘం 1967 నుంచి ఈ లోకో షెడ్డును నిలబెట్టుకుంటూ వస్తున్నది. ఇంజన్లలో నిప్పు వేసే రోజులు కొన్నే ఉంటాయి కనుక తేదీలు చూసుకుని వెళ్లాలి. ఆ రోజుల్లో ఇంజన్లు నడవడం చూడవచ్చు. మిగతా రోజుల్లో మాత్రం స్వచ్ఛంద కార్యకర్తలకు తీరిక ఎక్కువ, మన ప్రశ్నలకు నింపాదిగా జవాబు చెబుతారు. నేను రెండు రకాల రోజులలోనూ వెళ్లాను. విడిభాగాల గురించి తెలుసుకోవాలనుకునేవారికి నిప్పులేని రోజే ఎక్కువ ఉపయోగమని నా అనుభవం.

అక్కడ నేను ఎక్కువసేపు నిలబడింది 2999 నంబరు ‘లేడీ ఆఫ్ లెజెండ్’ ముందు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే స్విండన్ కార్ఖానాలో ఆ కంపెనీ ఇంజనీరు చర్చ్‌వర్డ్ రూపొందించిన ‘సెయింట్’ తరగతి ఇంజన్లు బ్రిటన్‌లో తరువాత వచ్చిన ఇంజన్ల నిర్మాణానికి దారి చూపాయి, కానీ ఒక్కటీ మిగలలేదు. 1924లో ‘సెయింట్ మార్టిన్’ అనే ఇంజన్‌కు 6 అడుగుల చిన్న చక్రాలు వేసి, దాని నుంచి ‘హాల్’ తరగతికి మూలరూపం తయారుచేశారు. డిడ్‌కాట్ వాళ్లు ఆ మార్పును వెనక్కి తిప్పారు. బ్యారీ నుంచి తెచ్చిన 4942 నంబరు ‘మెయిండీ హాల్’ను తీసుకుని, 6 అడుగుల 8½ అంగుళాల చక్రాలను కొత్తగా పోతపోయించి, సిలిండర్లు మార్చి, దాన్ని సెయింట్‌గా చేశారు. దశాబ్దాలు పట్టిన ఆ పని 2019లో పూర్తయింది.

దాని పక్కన నిలబడిన ఒక సందర్శకుడు, ఒక ఇంజన్‌ను చంపి మరొకదాన్ని బతికించడం ఏం న్యాయమని ఒక కార్యకర్తను గట్టిగానే అడిగారు. ఈ ప్రశ్న బ్రిటన్ రైలు అభిమానుల మధ్య చాలా కాలంగా ఉంది; నన్ను కూడా అది ఇబ్బంది పెట్టింది. బ్యారీలో చివరికి మిగిలిన పది ఇంజన్లను ‘బ్యారీ టెన్’ అంటారు. వేల్స్‌లో మ్యూజియం కోసమని దాచిన ఆ పదింటిలో కొన్ని ఇప్పుడు ఇతర ఇంజన్లకు అవయవదానం చేశాయి. 7927 ‘విల్లింగ్టన్ హాల్’ బాయిలరు 6880 ‘బెటన్ గ్రేంజ్’కు వెళ్లింది, విల్లింగ్టన్ హాల్ చట్రం డిడ్‌కాట్ వాళ్ల 1014 ‘కౌంటీ ఆఫ్ గ్లమోర్గన్’ నిర్మాణానికి వచ్చింది. ఆ కౌంటీకి బాయిలరు 48518 అనే, మరో కంపెనీ నమూనా అయిన 8ఎఫ్ రకం గూడ్సు ఇంజన్ నుంచి తీసుకున్నారు. ఇది దొరికింది కదా అని చేసిన అతుకు కాదు. యుద్ధకాలంలో స్విండన్ కార్ఖానా ఆ 8ఎఫ్ గూడ్సు ఇంజన్లను తయారుచేసింది. ఆ బాయిలరు పనిముట్లతోనే కౌంటీ బాయిలరును కూడా తయారుచేశారు. అంటే ఆ రెండు బాయిలర్లకు చుట్టరికం మొదటినుంచీ ఉంది.

గ్రేంజ్ విషయంలో నా సందేహం పూర్తిగా తీరిపోయింది. 1936 నుంచి 1939 వరకు గ్రేట్ వెస్టర్న్ రైల్వే 80 గ్రేంజ్ ఇంజన్లను చేసింది. వాటి చక్రాలు, కదిలే భాగాలు పనినుంచి తప్పించిన 43 శ్రేణి ‘మోగుల్’ రకం పాత ఇంజన్ల నుంచి తీసినవి. పాత ఇంజన్ల భాగాలతో కొత్త ఇంజన్లు కట్టడం ఆ కంపెనీ ఆచారమే. పైగా, కార్ఖానాలో పెద్ద మరమ్మతు జరిగినప్పుడల్లా ఒక ఇంజన్ బాయిలరు ఇంకొకదానికి మారుతుండేది. కనెక్టింగ్ రాడ్ల మీద, ఇతర కదిలే భాగాల మీద ఇంజన్ నంబర్లు ముద్రవేసి ఉంటాయి. వాటిని పరిశీలిస్తే నడుస్తున్న ఇంజన్ల మీద వేరే ఇంజన్ల నంబర్లు కనిపించడం మామూలే. కాబట్టి హాల్ ఇంజన్లు ఇంకా చాలా మిగిలి ఉండగా, ఒక్కటీ మిగలని గ్రేంజ్ తరగతి కోసం ఒక హాల్‌ను విప్పడం తప్పు కాదని నా నిశ్చితాభిప్రాయం. 81వ గ్రేంజ్‌గా నంబరు పొందిన 6880, 2024లో తన సొంత ఆవిరి మీద కదిలింది. అయితే దీనికి హద్దు ఉండాలి. తన తరగతిలో చివరిదైన ఏ ఇంజన్‌నూ విప్పకూడదు. విప్పిన ఇంజన్‌లో ఏ భాగం ఎక్కడికి వెళ్లిందో బహిరంగంగా రాసిపెట్టాలి. డిడ్‌కాట్‌లో నేను అడిగిన ప్రతి భాగం గురించి అది ఏ ఇంజన్ నుంచి వచ్చిందో వెంటనే చెప్పగలిగారు. ఆ నిజాయితీ నన్ను ఆకట్టుకుంది.

డిడ్‌కాట్‌లో భోజనం సాధారణం. శాకాహారులకు కాల్చిన బంగాళదుంప, శాండ్‌విచ్ వంటివి దొరుకుతాయి. పులిహోర కట్టుకుని వెళ్లి బయట బల్లల మీద తింటే ఇంకా హాయి. షెడ్డు నేల ఎగుడుదిగుడుగా, నూనె మరకలతో ఉంటుంది కనుక చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి.

స్విండన్‌కు డిడ్‌కాట్ నుంచి ఒక్క రైలులోనే వెళ్లవచ్చు. 1986లో మూతపడిన కార్ఖానా భవనాలలో ఒకదానిలో ‘స్టీమ్’ మ్యూజియం ఉంది. మరికొన్నిటిలో పెద్ద దుకాణాల సముదాయం నడుస్తున్నది. ఇంజన్ భాగాలు ఎలా పోతపోసేవారో, ఎలా బిగించేవారో క్రమంగా చూపిన తీరు బాగుంది. రోజులో సగం చాలు. రాత్రి బస అవసరం లేదు.

యార్క్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం, అది స్టేషన్‌కు ఆనుకునే ఉంటుంది. నేను అక్కడికి ముఖ్యంగా వెళ్లింది 35029 ‘ఎల్లర్‌మన్ లైన్స్’ కోసం. 1949లో తయారై బ్యారీ చేరిన ఈ ఇంజన్‌ను నిలువునా కోసి, ఫైర్‌బాక్సు, నీటి గది, పొగగొట్టాలు, సిలిండరు లోపల ముషలకం (పిస్టన్), అన్నీ కనిపించేలా నిలబెట్టారు. ఇది ఇక ఎప్పటికీ నడవదు. అయినా ఆవిరి ఇంజన్ ఎలా పనిచేస్తుందో పదేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేలా చూపడంలో దీనికి సాటి వచ్చేది ఈ యాత్రలో మరొకటి కనిపించలేదు. పాత ఇంజన్‌ను వాడిన పద్ధతులన్నిటిలో ఇది కూడా సరైనదే అని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. యార్క్‌లో వారాంతాలలో గదుల అద్దె బాగా పెరుగుతుంది; లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి దాదాపు రెండు గంటల ప్రయాణమే కాబట్టి ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

జ్ఞాపకంగా ఏదైనా భాగం కొనాలనుకునేవారికి ఒక మాట. పేరుపలకలు, నంబరు పలకలు, పీడనమాపకాలు, దీపాలు వేలంపాటలలో అమ్ముడవుతుంటాయి. పీడనమాపకాన్ని గోడ గడియారంగా మార్చి అమ్మేవారు కూడా ఉన్నారు. మంచి స్థితిలో ఉన్న పీడనమాపకాన్ని అలా పాడుచేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాని కోసం వెతుక్కునే ఇంజన్ ఎక్కడో ఒకటి ఉంటుంది. నకళ్లు చాలా ఉన్నాయి కనుక పూర్వాపరాల కాగితం లేనిది కొనవద్దు. పోత ఇనుప పలకలు బరువైనవి. విమానం సామాను పరిమితిలో పట్టవు. నేను డిడ్‌కాట్ దుకాణంలో పాత పుస్తకాలు కొని, మిగిలిన డబ్బు కౌంటీ ఇంజన్ నిర్మాణానికి ఇచ్చాను.

రైలు టికెట్ల విషయానికి వస్తే, అరవై దాటినవారు సీనియర్ రైల్‌కార్డు తీసుకుంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. ముగ్గురు నుంచి తొమ్మిది మంది కలిసి వెళ్తే రద్దీ లేని వేళల్లో గ్రూపు తగ్గింపు వర్తించే మార్గాలున్నాయి. ఉదయం రద్దీ సమయం దాటాక బయలుదేరితే డిడ్‌కాట్, స్విండన్ రెండూ ఒకే రోజు చూడవచ్చు. కానీ అలా చేస్తే డిడ్‌కాట్‌కు అన్యాయం జరుగుతుంది. ఒక్క రోజే వీలున్నవారు మిగతావన్నీ వదిలేసి డిడ్‌కాట్‌కే వెళ్లాలి, వెళ్లాక కౌంటీ ఇంజన్ పని ఎంతవరకు వచ్చిందో తప్పక అడగాలి.