మండువా ఇల్లు, తొమ్మిదేళ్లయ్యాక

నడుమ ఆకాశానికి తెరిచిన మండువా ఉన్న మా ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లంతా వెలుతురు బావుందా, గాలి ఆడుతుందా అనే అడుగుతారు. అందులో పడ్డ వాన నీళ్లు బయటికి పోయే తూము ఎంత వెడల్పు పెట్టారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా మట్టుకు నాకు మండువా ఇంట్లో మొదట చూడాల్సింది తూమే.

మాది ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి. 2016లో గృహప్రవేశం చేశాం. నడుమ పదడుగులకు పన్నెండడుగుల మండువా, చుట్టూ వసారా, లోపలికి వాలిన పెంకు కప్పు. ప్లాను గీసింది పట్నంలో చదువుకున్న ఆర్కిటెక్టు, కట్టింది పాతపట్నం మేస్త్రీలు. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మేం ఇటు, పాతపట్నం అటు పడ్డాం గానీ, తాపీ పట్టిన చేతులకు ఆ సరిహద్దు ఎప్పుడూ అడ్డం రాలేదు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన సున్నం గార గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వదిలేస్తున్నా.

తూము దగ్గర గొడవ కట్టేటప్పుడే వచ్చింది. "మండువా అడుగున్నర లోతుండాల బాబూ. నీళ్లకి దారి సిన్నది సేస్తే అవి ఇంట్లోకే వొస్తాయి" అన్నాడు పెద్దమేస్త్రీ. అంత లోతైతే పెద్దవాళ్లు పడతారు, ముప్పావు అడుగు చాలు, గచ్చు కింద నుంచి పెరట్లోకి నాలుగంగుళాల పైపు, పైన చక్కటి జాలీ అన్నాడు ఆర్కిటెక్టు. అప్పటికే అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేను ఆర్కిటెక్టు మాటే విన్నాను. తప్పంతా ఆయన మీదకు తోయలేను.

2018 అక్టోబరు 11, నవరాత్రుల్లో రెండో రోజు. తిత్లీ తుఫాను తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు అంతకుముందే పోయింది. చీకట్లో పెంకులు లేచి పడుతున్న చప్పుడు, ఎవరో బుట్టలకొద్దీ కుండలు తెచ్చి మా నెత్తిన పగలగొడుతున్నట్టు. టార్చి వేసి చూస్తే మండువా చెరువైపోయింది. పక్కింటి వేపాకు, మా పెంకు ముక్కలు కలిసి జాలీని మూసేశాయి. బోర్లా పడుకుని, నీళ్లలో చెయ్యి పెట్టి తీసిన కొద్దీ ఇంకా ఆకు వచ్చి పడుతోంది. మా ఆవిడ బకెట్‌తో తోడుతోంది. అమ్మ మంచమ్మీద బియ్యం బస్తా పక్కన కూర్చుని, "మా పుట్టింట్లో తూములోంచి పిల్లి దూరిపోయేదిరా" అంది. ఆ టైములో ఆ మాట ఎంత కాలిందో చెప్పలేను.

తర్వాత కాగితమ్మీద లెక్క వేశాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. లోపలికి వాలిన కప్పు, ఆకాశానికి తెరిచిన మండువా కలిపితే మాకు 67 చదరపు మీటర్లు. ముప్పావు అడుగు లోతు మండువాలో పట్టేది సుమారు 2,500 లీటర్లు. అంటే తూము మూసుకుపోతే 38 మిల్లీమీటర్ల వానకే నిండి వసారా ఎక్కుతుంది. తుఫానుకు అదెంత! ఈ లెక్క ప్లాను రోజున ఆయనా వెయ్యలేదు, నేనూ అడగలేదు.

ఆ తుఫానులోనే చివరికి గునపం తెచ్చి వెనక వసారా గోడకు కింద కన్నం పొడిచాను. సొంత ఇంటికి కన్నం వేసుకున్న దొంగని నేనే అయ్యుంటాను. సున్నం గోడ కాబట్టి పది నిమిషాల్లో రెండిటుకలు ఊడి వచ్చాయి, నీళ్లు పెరట్లోకి దూకాయి. పెద్దమేస్త్రీ తర్వాత వచ్చి ఆ కన్నం చూసి నవ్వాడు. మండువా నుంచి ఆ కన్నం దాకా జానెడు వెడల్పు కాలువ తవ్వి, పైన నాపరాళ్లు పరిచాడు. మా రెండో తూము అదే. ఈ ఏడేళ్లలో మళ్లీ నీళ్లు వసారా ఎక్కలేదు.

చిత్రమేమిటంటే, ఆ తుఫాను తర్వాతే ఈ ఇంటిమీద నాకు ప్రేమ కుదిరింది. మా వీధికి పదకొండు రోజులు కరెంటు లేదు. డాబా ఇళ్లలో పగలే చీకటి, మోటార్లు తిరగవు. మా మండువాలో మాత్రం సాయంత్రం దాకా వెలుతురు. చూరు కింద పెట్టిన గంగాళం నీళ్లే అంట్లకూ బట్టలకూ. పక్కింటి ఒడియా వాళ్లు, ఎదురింటి వాళ్లు కూరలు ఇక్కడే తరుక్కునేవారు. సగం మాట ఒడియా, సగం తెలుగు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కొత్తలో ఎవరడిగినా "మా ఇంటికి ఏసీ అక్కర్లేదు" అని గొప్పగా చెప్పేవాణ్ణి. రాత్రిపూట అది నిజమే. కానీ మే నెల మధ్యాహ్నం గాలి స్తంభించి ఉక్కపోస్తే మండువా కూడా చేసేదేమీ లేదు. 2021లో అమ్మ గదికి ఏసీ పెట్టించాం. కోతుల కోసం పైన ఇనప గ్రిల్లు వేయించాం, దాంతో ఆకాశం గళ్లగళ్లుగా కనిపిస్తోంది. ఎగిరిపోయిన పెంకుల బదులు వేరే కంపెనీవి తెస్తే పాతవాటిలో సరిగా కూర్చోలేదు. ఒక వాలు మొత్తం మార్చాల్సి వచ్చింది, ఇప్పుడు అదొక రంగు, మిగతావి ఒక రంగు. ఈసారి చూరు వరసలన్నీ తీగతో కట్టించాం.

కట్టుకోవచ్చా అని అడిగితే, మాకు తొమ్మిది డిసిమిళ్ల (అంటే సెంట్ల) స్థలం ఉంది, పగలు ఇంట్లో మనిషి ఉంటారు, వాన మొదలవగానే జాలీ మీద ఆకు తీసే చెయ్యి ఉంది. ఇద్దరూ పొద్దున్నే తాళం వేసి ఉద్యోగాలకు పోయే ఇంటికైతే నేను చెప్పలేను.

ఈ ఏడు పెంకు సర్దించడం ఇంకా కాలేదు. పెద్దమేస్త్రీ దసరా వెళ్లాక వస్తానంటాడు. తిత్లీ వచ్చింది దసరాల్లోనే కదా అంటే, "రెండో తూముంది కదా బాబూ" అంటాడు.