బోరు కింద పది సెంట్లకు డ్రిప్ పెట్టించాం, ఎలా ఉందంటే

బోరులో నీళ్లు తక్కువ, డ్రిప్ (మొక్క మొదట్లో బొట్టుబొట్టుగా నీళ్లిచ్చే పైపులు) పెట్టిస్తే పనికొస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. తప్పకుండా పెట్టించుకోండి, కానీ మొత్తం చీనీ (బత్తాయి) చెట్లకే వేసేయకుండా ఇంటి కూరగాయలకని పది సెంట్లు వదలండి.

మాది అనంతపురం వైపు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, వానకు చెనిక్కాయ (వేరుశనగ) తప్ప ఇంకోటి వేసే ధైర్యం రాదు. పంట అమ్మితే డబ్బులొస్తాయి, నిజమే, కానీ ఎండాకాలం సంతలో రేట్లు చూసి ఇంట్లో ఆడవాళ్లు కూరగాయలు కొనడం తగ్గించేస్తారు, సంగటి, ఊరుబిండి పచ్చడి, మజ్జిగతో రోజులు గడిచిపోతాయి, పిల్లలకు కడుపు నిండుతుంది గానీ ఆకుకూర కంటికి కనపడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. మేం ఐదుగురం, అంటే రెండు కిలోలు. రోజూ అంత కొనడం మాలాంటి వాళ్లకు అయ్యే పనేనా?

ఇదివరకు మడులకు పారిస్తే సగం నీళ్లు కాలువలోనే ఇంకిపోయేవి. ఇప్పుడు 16 ఎంఎం పైపులు, గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు, పొద్దున్నే గంటసేపు వాల్వు తిప్పితే చాలు. మే నెలలో కూడా టమోటా, గోరుచిక్కుడు, తోటకూర వచ్చాయి. మా అత్తమ్మ పప్పులోకి గుప్పెడు ఆకు వేసేది, ఇప్పుడు గిన్నెడు వేస్తోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మా బోరు నీళ్లు ఉప్పు, డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా గట్టిపడి నీళ్లు రావు. వారానికోసారి ఫిల్టరు జాలీ తీసి కడగాలి, పైపు చివరి మూతలు విప్పి నీళ్లు గట్టిగా వదలాలి. బిగించిన కంపెనీ వాళ్లు ఇవేమీ చెప్పలేదు, తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆ విషయంలో నాకు చాలా కోపంగా ఉంది. ఉడతలు పైపులు కొరికేస్తాయి, తెగిన పైపును కలిపే జాయినర్లు నాలుగు ఇంట్లో పెట్టుకోండి.

ఇంకోటి, డ్రిప్పర్ల మధ్య రెండడుగుల దూరం టమోటాకు, వంకాయకు బాగుంటుంది గానీ చల్లిన ఆకుకూరకు సరిపోదు, మధ్యలో ఎండిపోతుంది. ఆకుకూర మడికి అడుగు దూరంలో డ్రిప్పర్లున్న పైపు కావాలని ఆర్డరిచ్చేటప్పుడే గట్టిగా అడగండి, తర్వాత మార్చమంటే మళ్లీ డబ్బులే.