ఊరి క్రికెట్ క్లబ్‌కు డబ్బు: సంక్రాంతి టోర్నీయా, ఎంపీ నిధులా, కంపెనీ సీఎస్‌ఆరా, అమెరికా మిత్రులా?

మా క్లబ్ సెక్రటరీ పని నా మెడకు చుట్టుకుని ఆరేళ్లయింది. మండల కేంద్రంలో జూనియర్ కాలేజీ గ్రౌండు, సాయంత్రమైతే నలభై మంది పిల్లలు, అందులో పదకొండు మంది ఆడపిల్లలు. ఆస్తి అంటే రెండు కిట్ బ్యాగులు, అంచులు పీకిపోయిన ఒక కొబ్బరి పీచు మ్యాట్. చిరిగిన చోట బంతి పడితే ఎటు తిరుగుతుందో వేసినవాడికే తెలిసేది కాదు. కొత్త మ్యాట్, నెట్లు, కోచ్‌కు నెలనెలా ఎంతో కొంత. ఈ మూడింటి కోసం నేను ఎక్కని గడప లేదు. ఇప్పుడు పక్క మండలాల కుర్రాళ్లు ఫోన్ చేసి, "అన్నా, ఎవర్ని అడిగితే ఇస్తారు?" అంటున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

రెండు తలుపులు మాత్రం పక్కన పెడుతున్నాను. కేంద్ర ప్రభుత్వం నడిపే ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో క్రికెట్ లేదు, కాబట్టి అటు తిరిగి లాభం లేదు. ఇక రాష్ట్ర అసోసియేషన్‌కు దారి జిల్లా అసోసియేషన్ మీదుగానే. అక్కడ ముందు అడగాల్సింది లీగ్‌లో చోటు, సెలక్షన్ ట్రయల్స్ కబురు. డబ్బు మాట తర్వాత.

అందరికీ తెలిసింది సంక్రాంతి టోర్నీ. టెన్నిస్ బాల్, పదహారు జట్లు, జట్టుకు రెండు వేల ఎంట్రీ ఫీజు. అంటే ముప్పై రెండు వేలు. మొదటి బహుమతి ఒక ఎరువుల షాపాయన, రెండోది ఒక వార్డు మెంబరు ఇస్తారు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కప్పులన్నీ మా పాత డ్రిల్లు మాస్టారి జ్ఞాపకార్థం వాళ్లావిడ ఇస్తుంది. ఏటా భోగికి నాలుగు రోజుల ముందు కవర్లో ఐదు వేలు పెట్టి, పైన మాస్టారి పేరు స్వయంగా రాసి పంపుతుంది. మైకు, షామియానా, అంపైర్లకు భోజనాలు, బంతులు పోను మాకు మిగిలేది తొమ్మిది, పది వేలు. ఒక సీజన్ లెదర్ బంతులకు బొటాబొటిగా సరిపోతుంది.

ఈ డబ్బుకు ఉన్న సుఖం ఏమిటంటే, ఎవరికీ రిపోర్టు రాయక్కర్లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు, దేనికి కావాలంటే దానికి వాడుకోవచ్చు. నష్టం కూడా ఉంది. పది రోజులు గ్రౌండు టోర్నీకి పోతుంది. ఆ పది రోజులూ టెన్నిస్ బంతిని అడ్డంగా బాదడం అలవాటైన పిల్లల చేతికి మళ్లీ లెదర్ బంతి ఆట తెప్పించడానికి నెల పడుతుందని మా కోచ్ ప్రతి ఫిబ్రవరిలోనూ నా మీద విసుక్కుంటాడు. ఆయన మాటా నిజమే. అయినా రసీదు పుస్తకం మీద ఊళ్లో రెండు వందల పేర్లు లేకపోతే తర్వాత కంపెనీ వాళ్ల ముందు కూర్చున్నప్పుడు మా దగ్గర చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

ఎంపీ నిధుల సంగతి వేరు. లోక్‌సభ సభ్యుడికైనా రాజ్యసభ సభ్యుడికైనా ఏడాదికి 5 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉంటాయి కాబట్టి సమానంగా పంచినా ఒక్కోదానికి 71 లక్షలే. అందులోంచే సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు, స్కూలు గదులు. ఆ వరసలో మనం నిలబడాలి. చాలామందికి తట్టని విషయం ఒకటుంది: లోక్‌సభ ఎంపీ ప్రధానంగా తన నియోజకవర్గంలోనే పనులు సిఫార్సు చేయాలి గానీ, రాజ్యసభ ఎంపీ తాను ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడైనా చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది, తెలంగాణకు 7గురు ఉన్నారు. వాళ్ల ఇంటి ముందు రద్దీ కాస్త తక్కువ.

ఇక్కడ డబ్బు మన చేతికి రాదు. ఎంపీ సిఫార్సు చేస్తే, జిల్లా అధికారులు మంజూరు చేస్తే, ఏదో ఒక ఇంజినీరింగ్ విభాగం పని చేయిస్తుంది. పది కాలాలు నిలిచే కట్టడానికే ఇస్తారు. బంతులకు, కోచ్ జీతానికి ఇవ్వరు. మేము ఒకసారి ఇలాగే ప్రాక్టీస్ నెట్ సాధించాం. ఉత్తరంలో నేను రాసింది "క్రికెట్ నెట్ ఒకటి కావాలి" అని, అంతే. కొలతలు లేవు, గీసిన బొమ్మ లేదు. ఎస్టిమేట్ వేసినవాళ్లకు క్రికెట్‌తో పరిచయం లేదు. నలభై అడుగుల నెట్ కట్టి, బోర్డు పెట్టి వెళ్లిపోయారు. పిచ్ పొడవే 22 గజాలు, అంటే 66 అడుగులు. బౌలర్ నెట్ బయట, ఎక్కడో వేపచెట్టు పక్కన నిలబడి బంతి వేయాలి. అడుగున పోసిన కాంక్రీటు ఎంత నున్నగా ఉందంటే, మ్యాట్ లేకుండా వేస్తే బంతి జారుకుంటూ వచ్చి మోకాలికి తగిలేది. తప్పు వాళ్లది ఎంతో, కొలత రాయని నాదీ అంతే. ఇప్పుడా నెట్‌లో పదేళ్ల లోపు పిల్లలు ఆడుకుంటారు. అది చాలదా అంటే చాలదు.

కాబట్టి ప్రహరీ, బోరు, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి లాంటివైతే ఎంపీ నిధులే మేలు. గ్రౌండు ప్రభుత్వ స్థలమైతే పని సాఫీగా సాగుతుంది. కట్టింది మన సొంతం కాదు, ప్రజల ఆస్తి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మొదటి రోజే కాలేజీ వాళ్లతో మాట్లాడుకోండి.

ఇక సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. దీని గురించి ఊళ్లలో ఉన్నన్ని అపోహలు మరి దేని మీదా లేవు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. సగటు లాభం 10 కోట్లయితే 20 లక్షలన్నమాట. 5 కోట్ల లాభం అంటే టీవీలో ప్రకటనలిచ్చే కంపెనీయే కానక్కర్లేదు, మీ రోడ్డు చివర స్పిన్నింగ్ మిల్లు కూడా కావచ్చు. పైగా తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికే ముందు చూడాలని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి హైదరాబాద్ హెడ్డాఫీసుకు మెయిల్ కొట్టే ముందు మీ దుమ్ము ఎవరి లారీల వల్ల లేస్తోందో చూసుకోండి.

నా మొదటి ఉత్తరం నేరుగా బుట్టలోకి పోయింది. "జెర్సీల మీద మీ లోగో వేస్తాం, బౌండరీ చుట్టూ మీ ఫ్లెక్సీలు కడతాం" అని గొప్పగా రాశాను. ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. అంటే ఆ ఒక్క వాక్యంతో నా దరఖాస్తును నేనే మార్కెటింగ్ వాళ్ల బల్ల మీదకు తోసుకున్నాను. చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో ఉన్న మాట "శిక్షణ": గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది, 1900 తర్వాత మళ్లీ ఇప్పుడే. ఆ మాట ఉత్తరంలో రాయండి. ఆడపిల్లలు ఉంటే వాళ్ల సంఖ్య మొదటి పేరాలోనే పెట్టండి, స్త్రీ సాధికారత కూడా అదే షెడ్యూల్‌లో ఉంది. కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణి 2025లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఆడాక ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేకుండా పోయింది.

రెండో ఉత్తరంలో లోగో ఊసే లేదు. మూడు ఊళ్లు, నలభై మంది పిల్లలు, పది నెలల శిక్షణ, దేనికెంత ఖర్చు. ఈసారి పిలిచారు. అయితే డబ్బు తీసుకోవాలంటే మేము రిజిస్టరైన సొసైటీ అయ్యుండాలి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి, సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు వేసే సీఎస్‌ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. మా దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. అప్పుడు మమ్మల్ని పిలిచిన కంపెనీ అధికారే దారి చెప్పారు: కంపెనీ నేరుగా తానే ఖర్చు పెట్టవచ్చు కదా, డబ్బు వద్దు, వస్తువులు అడగండి అని. అలా వచ్చింది కొత్త మ్యాట్. లారీ దించిన రోజు గ్రౌండంతా పచ్చి కొబ్బరి పీచు వాసన. పిల్లలు మేకులు కొట్టడానికి సుత్తుల కోసం వడ్రంగి ఇంటికి పరుగెత్తారు.

అడిగే వేళ కూడా ముఖ్యం. కొత్త బడ్జెట్ ఏప్రిల్‌తో మొదలవుతుంది కాబట్టి జనవరిలోనే కాగితం వాళ్ల దగ్గర ఉండాలి.

మిగిలింది అమెరికా మిత్రులు. ఇంటర్‌లో మాతో ఆడినవాళ్లు డాలస్‌లో ముగ్గురున్నారు. వాట్సాప్‌లో అడిగిన పది నిమిషాల్లో ముగ్గురూ సరేనన్నారు. ఇంత సులువుగా మరెక్కడా పని కాలేదు. ఆపింది మా ఆడిటర్. ఇద్దరి దగ్గర ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంది. వాళ్లు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, పాస్‌పోర్టు కాపీ తీసిపెట్టుకుంటే చాలు. మూడోవాడు సిటిజన్ అయ్యాడు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వాడి డబ్బు విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా రూపాయి తీసుకోకూడదు, క్లబ్‌కు కిట్లు పంపినా అదే లెక్క. అక్కడి తెలుగు సంఘాలు ఇచ్చినా అంతే. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మా బోటి క్లబ్‌కు అది అందని ద్రాక్ష. "మా తమ్ముడి ఖాతాలో వేస్తాను, వాడు నీకిస్తాడు" అన్నాడు మావాడు. వద్దురా అన్నాను. నాలుగు బ్యాట్ల కోసం కేసులో ఇరుక్కునే ఓపిక నాకు లేదు.

నన్నడిగితే కొత్త క్లబ్ మొదటి నెలలోనే ఏడుగురు కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించుకోవాలి. మూడేళ్ల గడియారం అప్పుడే తిరగడం మొదలవుతుంది. ఆ మూడేళ్లూ సంక్రాంతి టోర్నీతో, ఇండియా పాస్‌పోర్టు మిత్రులతో బండి లాగాలి. కట్టడాలకు ఎంపీ, కొలతలు వేసిన బొమ్మతో సహా. పెద్ద ఆశ మాత్రం సీఎస్‌ఆర్ మీదే పెట్టుకోవాలి, ఎందుకంటే నాలుగింటిలో కోచ్ జీతాన్ని శిక్షణ ఖర్చుగా మోయగలిగే స్తోమత దానికొక్కదానికే ఉంది.

మాకు సీఎస్‌ఆర్-1 నంబరు పోయిన నెలే వచ్చింది. డబ్బు ఇంకా రాలేదు. అప్పటిదాకా ఇవ్వగలిగిన పిల్లల దగ్గర నెలకు మూడు వందలు తీసుకుని కోచ్‌కు ఇస్తున్నాం. ఎవరిస్తున్నారో, ఎవరివ్వడం లేదో ఆయనకు చెప్పం.