కొలంబానస్ నియమావళా, బెనెడిక్ట్ నియమావళా: ఏది మేలు?

ఫ్రాన్స్‌లోని లుక్సోయ్, ఇటలీలోని బొబ్బియో మఠాల గురించి చదివినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. వాటిని స్థాపించిన ఐర్లండ్ సన్యాసి కొలంబానస్ స్వయంగా నియమావళి రాసి ఇచ్చాడు కదా, మరి యూరప్ మఠాలు చివరికి ఆరో శతాబ్దపు ఇటలీ సన్యాసి బెనెడిక్ట్ నియమావళినే ఎందుకు పట్టుకున్నాయి?

చాలామంది తిండి దగ్గరే తేల్చేస్తారు. తేడా ఉంది గానీ అనుకున్నంత లేదు. కొలంబానస్ దగ్గర సాయంత్రం పూట ఆకుకూరలు, చిక్కుళ్లు, నీళ్లలో కలిపిన పిండి, చిన్న రొట్టె. బెనెడిక్ట్ దగ్గర వండిన వంటకాలు రెండు, దొరికితే పండ్లు, రోజుకు ఒక పౌను రొట్టె, కాస్త ద్రాక్షారసం. కొలంబానస్ మఠంలో బీరు కూడా ఉండేది. అజాగ్రత్తగా ఎక్కువ ఒలకబోసినవాడు, ఎన్ని వంతులు పోయాయో లెక్కపెట్టుకుని అన్ని రోజులూ బీరుకు బదులు నీళ్లే తాగాలి.

నన్నడిగితే అసలు తేల్చేది నిద్ర.

కొలంబానస్ కీర్తనల లెక్క రాత్రి పొడవును బట్టి నడుస్తుంది. చలికాలంలో మామూలు రాత్రికి 36 కీర్తనలు. శని, ఆదివారాల రాత్రులకైతే 75 చొప్పున, అంటే బైబిల్లోని మొత్తం 150 కీర్తనలూ రెండు రాత్రుల్లో పూర్తి. వసంతం నుంచి వారానికి మూడేసి తగ్గుతూ ఆ రెండు రాత్రులవి 36కు దిగుతాయి, మామూలు రాత్రులవి 24 అవుతాయి. పొడుగు రాత్రికి ఎక్కువ ప్రార్థన, పొట్టి రాత్రికి తక్కువ. చూడ్డానికి చక్కటి లెక్కే. కానీ చలికాలం రాత్రి ఇచ్చే అదనపు గంటలు ఒంటికి దక్కవు, కీర్తనలకే పోతాయి. వేసవిలో రాత్రే చిన్నది. ఏ కాలంలోనూ బాకీపడ్డ నిద్ర తీరదు. ఇది పొరపాటున జరిగింది కాదు. సన్యాసి అలసిపోయి పక్క చేరాలి, నడుస్తూనే కునుకు తీయాలి, నిద్ర తీరకముందే లేవాలి అని కొలంబానస్ సూటిగా రాశాడు.

బెనెడిక్ట్ దగ్గర రాత్రి ప్రార్థనలో ప్రధాన కీర్తనలు ఏడాది పొడవునా పన్నెండే. 150 కీర్తనలూ వారం మొత్తానికి సర్దుతాడు. చలికాలంలో లేచేది, సూర్యాస్తమయం నుంచి లెక్కపెడితే, రాత్రి ఎనిమిదో గంటకు, అంటే మన గడియారంలో సుమారు రెండింటికి. సగం రాత్రికి పైగా నిద్రపోయి, తిన్నది అరిగాక లేవాలన్నది ఆయన చెప్పే కారణం. వేసవిలో రాత్రి కురచవుతుంది కాబట్టి పఠనాలను కుదిస్తాడు, మధ్యాహ్నం పడుకోనిస్తాడు. మర్నాడు పొలం దున్నాల్సిందీ, పుస్తకాలు నకలు రాయాల్సిందీ ఈ మనుషులే అన్న ఎరుక ఆ ఏర్పాటులో కనిపిస్తుంది.

జబ్బుపడినవాళ్ల విషయంలోనూ ఇదే తేడా. లుక్సోయ్‌లో చాలామంది మంచం పట్టినప్పుడు కొలంబానస్ వాళ్లను లేచి ధాన్యం నూర్చమన్నాడనీ, మాట విన్నవాళ్లు కోలుకున్నారనీ, విననివాళ్లు చాన్నాళ్లు తీసుకున్నారనీ బొబ్బియో సన్యాసి జోనాస్ రాశాడు. బెనెడిక్ట్ అయితే రోగుల సేవ అన్నిటికంటే ముందు అంటాడు. వాళ్లకు వేరే గది, స్నానాలు, నీరసించినవాళ్లకు మాంసం. కొలంబానస్ పద్ధతి నడవాలంటే కొలంబానస్ లాంటి మనిషే ఎదురుగా నిలబడాలి. 610లో ఫ్రాంకుల రాజు థ్యూడెరిక్ ఆయన్ను వెళ్లగొట్టాక లుక్సోయ్‌కు ఆ మనిషి లేడు. పైగా, తర్వాతి మఠాధిపతిని ఎలా ఎన్నుకోవాలో ఆయన నియమావళిలో లేదు. బెనెడిక్ట్ దానికి ఒక అధ్యాయమే కేటాయించాడు.

శిక్షల సంగతి: కొలంబానస్ దగ్గర చెంచా మీద సిలువ గుర్తు వేయకపోతే ఆరు దెబ్బలు, కీర్తన ఎత్తుకునేటప్పుడు దగ్గి సరిగా పాడకపోతే ఆరు. బెనెడిక్ట్ ముందు చాటుగా రెండుసార్లు చెప్పిస్తాడు, తర్వాత అందరిముందూ మందలిస్తాడు, ఆపైన వెలి. దెబ్బలు అక్కడా ఉన్నాయి గానీ మందలింపు ముందు వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం కొలంబానస్‌ది తిరుగులేని పైచేయి: పాపసంకీర్తనం, అంటే చేసిన తప్పులు చెప్పుకోవడం. భోజనానికి ముందో, పడుకునే ముందో చిన్న తప్పులు కూడా చెప్పుకోవాలన్నాడు. బహిరంగ ప్రాయశ్చిత్తం జీవితంలో ఒక్కసారే అన్న పాత ఆచారం పక్కన, ఎన్నిసార్లయినా చాటుగా చెప్పుకుని, తప్పుకు తగిన ప్రాయశ్చిత్తం చేసుకునే పద్ధతి ఫ్రాంకుల దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో) వేళ్లూనడానికి ఆయన మఠాలు పెద్ద ఊతం. బెనెడిక్ట్‌లో ఇంత లోతు లేదు, నిజాయితీగా ఒప్పుకోవాల్సిందే.

ఆర్ల్ పీఠాధిపతి సెసేరియస్ నియమావళి ప్రధానంగా మఠకన్యల కోసం, గడప దాటకూడదన్నది దాని పట్టు. తూర్పు చర్చి పీఠాధిపతి బాసిల్‌ది ప్రశ్నోత్తరాల వరస. వీటిని ఈ పోటీలోకి లాగనక్కర్లేదు.

ఏడో శతాబ్దం మనుషులు ఈ తూకం మనకంటే ముందే వేశారు. 632లో ఫ్రాన్స్‌లోని సోలిన్యాక్ మఠం పెట్టినప్పుడు రెండు నియమావళులూ కలిపి పాటించాలని పత్రంలోనే రాసుకున్నారు. జర్మనీలోని ఆఖన్‌లో జరిగిన చర్చి సభలు బెనెడిక్ట్‌ను అందరికీ ప్రమాణం చేసింది 816-817లో, అంటే దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత. అంతకంటే గట్టి సాక్ష్యం బెజాన్సోన్ పీఠాధిపతి డొనాటస్. లుక్సోయ్‌లో పెరిగినవాడు, కొలంబానస్ చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందినవాడు. మఠకన్యల కోసం నియమావళి కూర్చేటప్పుడు ఆయన కూడా సెసేరియస్‌నూ కొలంబానస్‌నూ ఉంచుకున్నాడు గానీ, అన్నిటికంటే ఎక్కువ భాగం బెనెడిక్ట్ నుంచే తీసుకున్నాడు.